ఉంగరం వేలికి తగిలిన బంతి

ఆ బంతి నాకు తగిలింది. కుడిచేతి ఉంగరం వేలి కొసకు తగిలి, వెనక్కి పోయి, గీత అవతల పడింది. అంపైర్ నా వైపు చూసి తగిలిందా అని అడిగాడు. నేనేమీ అనలేదు. తగల్లేదని కూడా అనలేదు, ఊరికే నిలబడ్డాను. అబద్ధమైతే ఆడలేదు కదా అని ఇరవై ఏడేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఎల్బీ నగర్‌లో నాకు లారీ స్పేర్‌పార్ట్స్ దుకాణం ఉంది. గల్లా వెనక, పై అరలో ఒక కప్పు ఉంటుంది. దాని మెరుపు ఎప్పుడో పోయింది. అందులో వాషర్లు వేసి పెడతాను. కొత్త డ్రైవర్ ఎవరైనా అదేంటని అడిగితే, పక్కన టైర్ల దుకాణం ఆయన నాకంటే ముందే అందుకుంటాడు: "మా సేటు వాలీబాల్ చాంపియన్. ఈయన బాల్ కొడితే ఎదుటోళ్లు గ్రౌండ్ ఇడిచి ఉరికేటోళ్లు." నేను నవ్వి, ఏ పార్టు కావాలని డ్రైవర్ని అడుగుతాను.

అలా గడిచిపోయేదే. పోయిన వానాకాలం మా అమ్మాయి ఒక జపాన్ సీరియల్ చూడటం మొదలుపెట్టింది.

అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. వారమంతా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కంచం ముందు ఫోన్ నిలబెట్టుకుని, అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చూస్తుంది. కార్టూన్ అంటే కోపం. "కార్టూన్ కాదు నాన్నా, యానిమే. వాలీబాల్ మీదనే. నువ్వు ఆడినవ్ గదా, చూడు జర."

కూర్చున్నాను. రెండు స్కూళ్ల మధ్య ఫైనల్ నడుస్తోంది. ఒక స్కూలు పిల్లలందరూ తాటిచెట్లంత పొడుగు, కొట్టుడే కొట్టుడు. రెండో స్కూలులో అందరూ పొట్టివాళ్లు, గట్టిగా కొట్టేవాడు ఒక్కడు లేడు. కానీ బంతిని కింద పడనివ్వరు. నేల మీద జారుకుంటూ పోయి లేపుతారు, కాలితో లేపుతారు, మళ్లీ అవతలికి పంపి ఎదురుచూస్తారు. ఒక్క పాయింటు ఎంతకీ తెగదు. మధ్యలో ఆ పిల్లలకు వాళ్ల చిన్నతనాలు, వాళ్ల కోచ్ తిట్లు, అన్నీ గుర్తుకొస్తాయి. "ఒక్క పాయింట్‌కే ఎపిసోడ్ అయిపోతది" అని మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రెండు జట్లూ నాకు తెలుసు.

అప్పుడు పొట్టివాళ్లు పంపిన బంతి గీత దాటి పడింది. పొడుగు జట్టు ఎగిరి గంతేసింది. వాళ్లలో ఒకడు మాత్రం చెయ్యెత్తి, నా వేలికి తగిలింది అన్నాడు.

"పిచ్చోడు!" అంది మా అమ్మాయి. "ఎవ్వడు చూడలే గదా." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు ఆడేటప్పుడు గిట్లనే చెప్పేటోళ్లా?"

"మా గ్రౌండ్‌లో అదే రూల్" అన్నాను.

అది నిజమే. నిజం చెప్పి కూడా మోసం చేయొచ్చని ఆ రోజు తెలిసింది.

మా రోజుల్లో మా వైపు టోర్నమెంట్లకు గీత దగ్గర జెండా పట్టుకునేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఒక్కడే అంపైర్, నెట్టు పక్కన స్టూలు మీద. ఎదుటివాళ్ల చేతికి తగిలి బయట పడితే పాయింటు కొట్టినవాళ్లదే, కానీ బంతి వేలి కొసకు రాసుకుని పోతే ఆయనకు కనబడేది కాదు. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. తాకినవాడే చెయ్యెత్తి టచ్ అని చెప్పాలి. ఎత్తకపోతే అంపైర్ ఒక్కసారి అడుగుతాడు. అప్పుడు ఆ ఆటగాడు ఏది ఒప్పుకుంటే అదే లెక్క. దాని మీద ఎవరూ కొట్లాడకూడదు. బయట ఎన్ని తగవులున్నా, ఆ ఒక్క దగ్గర మాత్రం ఎవరూ తప్పేవాళ్లు కాదు. ఓడిపోయే పాయింటుకు కూడా చెయ్యెత్తినవాళ్లను చూశాను. నేనే ఎత్తాను, చాలాసార్లు.

ఆ ఎండాకాలం ఫైనల్ మాకూ కొత్తపేట పండ్ల మార్కెట్ వాళ్లకూ పడింది. వాళ్లందరూ మార్కెట్‌లో హమాలీలు, కమీషన్ దుకాణాల్లో పనిచేసేవాళ్లు. లారీ మీద నుంచి మామిడిపండ్ల పెట్టెలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి విసురుకునేవాళ్లు, ఒక్క పండు నలిగేది కాదు. ఆట కూడా అట్లాగే. ఎంత గట్టిగా కొట్టినా బంతి వాళ్ల చేతుల్లో మెత్తగా దిగేది. మేము ఎల్బీ నగర్ లారీ షెడ్ల వాళ్లం. నల్గొండ వైపు ఊళ్ల నుంచి వచ్చి, పొద్దంతా సుత్తి పట్టి, సాయంత్రం అదే చేత్తో బంతిని కొట్టేవాళ్లం. వేరే ఆట మాకు రాదు.

"ఏందిరా, బాల్‌తోని ఆడుతున్నరా, జోల పాడుతున్నరా?" అని మావాళ్లు అరిచారు.

"మీకు బాల్ ఎందుకురా, ఇనుప గుండు తెస్తం కొట్టుకోండ్రి" అని అటునుంచి.

వాళ్ల కెప్టెనే వాళ్ల లిఫ్టర్, కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేవాడు. తమ్ముడు కూడా అదే జట్టు. ఆ జట్టు మొత్తంలో గట్టిగా కొట్టగలిగేవాడు ఆ తమ్ముడొక్కడే, కానీ అన్న కొట్టనిచ్చేవాడు కాదు. బంతి లేపిన ప్రతిసారీ ఒకటే మాట: "కొట్టకు, దించు." తమ్ముడు పళ్లు బిగబట్టి, ఖాళీ చూసి, మెల్లగా దించేవాడు. అట్లా దించి దించే మా నుంచి ఒక సెట్టు గుంజుకున్నారు.

మూడో సెట్టు. పదిహేను చేరితే గెలుపు. మాకు పద్నాలుగు, వాళ్లకు పదమూడు. అన్న బంతి లేపాడు. "దించు!" అన్నాడు. తమ్ముడు ఎగిరాడు. నేను ఎదురుగా ఎగిరి నెట్టు మీద చేతులు అడ్డం పెట్టాను. అతను ఖాళీ వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు. కొట్టాడు. అందరికీ అది కోపంతో కొట్టిన దెబ్బలాగే కనబడి ఉంటుంది. కానీ నా వేళ్లకు తెలుసు, అందులో బలం సగమే ఉంది. నా వేలి కొసను గీరి బయటికి పోయేంత కొలత. అంత మెత్తగా వాళ్లన్న కూడా ఎప్పుడూ దించలేదు.

అంపైర్ ఈల నోట్లో పెట్టుకుని ఆగాడు. "తగిలిందా?"

నేను టచ్ అంటే ఓడిపోయేవాళ్లం కాదు. పద్నాలుగు, పద్నాలుగు అయ్యేది. ఆట ఇంకాసేపు సాగేది, అంతే. అంత చిన్న విషయానికి నోరు రాలేదు. మావాళ్లందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. చేతులు నిక్కరుకు తుడుచుకున్నాను. ఈల మోగింది. ఔట్.

తమ్ముడు నెట్టు కింద నుంచి దూరి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, చెప్పన్నా. తగిలింది గదా. జర చెప్పు." మావాడొకడు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పై నుంచి చూస్తే, వాళ్లన్న తమ్ముడి బనీను పట్టి గుంజుతున్నాడు. "ఇంకా నోరు లేస్తుందారా? కొట్టొద్దని చెప్తినా లేదా? నీ బలుపుకు టీం మొత్తం మునిగింది."

వేలి గోరు మూడు రోజులు నల్లగా ఉంది. పానా జారిందని అమ్మతో చెప్పాను.

ఆ తర్వాత వాళ్లన్న అతనికి మళ్లీ బంతి లేపలేదు. కొన్నాళ్లకు అతనే గ్రౌండ్‌కు రావడం మానేశాడు. ఆ రోజు పడ్డ పేరు మాత్రం పోలేదు. మార్కెట్‌లో అతన్ని "ఔట్" అని పిలవడం మొదలుపెట్టారు. మొదట వెక్కిరింపు, తర్వాత అలవాటు. అసలు పేరు వాళ్లావిడకు తప్ప ఎవరికీ గుర్తులేదని ఎవరో నవ్వుతూ నాకే చెప్పారు.

పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి వెళ్లిపోయింది. అతను వెళ్లలేదు, మెట్రో లైను కింద పండ్ల బండి పెట్టుకున్నాడు. ఆ బండి ఎక్కడుంటుందో నాకు తెలుసు, అందుకే అటు పోయేవాణ్ని కాదు. మా ఆవిడ అనేది: "పక్కనే కొత్తపేట పెట్టుకొని జామకాయలకు వనస్థలిపురం పోయేటోణ్ని నిన్నే చూసిన." రెండేళ్ల కింద సిగ్నల్ దగ్గర ఆగితే, కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో వాళ్లన్న ఫోటో కనబడింది. ముందుగా నాకొచ్చిన ఆలోచన ఏమిటో కూడా రాస్తాను. అడిగేవాడు ఒకడు తగ్గాడు అనిపించింది. గ్రీన్ సిగ్నల్ పడ్డా నా బండి కదపలేకపోయాను. వెనకవాళ్లు హారన్లు కొడితే గానీ.

యానిమే చూసిన వారం తర్వాత తమ్ముడి బండి దగ్గరికి వెళ్లాను. సీతాఫలాల కాలం. మధ్యాహ్నం, బేరాలు పలచగా ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాడు.

"ఓహో, చాంపియన్ సాబ్! ఏంది, తొవ్వ తప్పినవా?"

"ఆ బాల్ నాకు తగిలింది" అన్నాను.

అతను సీతాఫలాలు ఏరుతూనే ఉన్నాడు. ఏ బాల్ అని అడగలేదు. "ఏ వేలుకు?" అన్నాడు.

చూపించాను. నా చెయ్యి పట్టుకుని, ఆ వేలు ఇటూ అటూ తిప్పి చూశాడు. "నడిమి వేలుకు గురి పెట్టిన. జర పక్కకు పోయింది."

"తప్పయింది…"

"ఆగు. నాకెందుకు చెప్తున్నవ్? నాకెర్కలేదా? కొట్టినోణ్ని నేనే గదా. ఎర్క లేనోళ్లకు చెప్పు."

"ఎవరికి?"

"మా అన్నకు చెప్పాలె అసలైతే." పండ్లను ఒకదాని పక్కన ఒకటి, గుడ్లు పెట్టినట్టు, సంచిలో పెట్టాడు. "దవాఖానల ఉన్నప్పుడు సుత అన్నడు. ఆ రోజు నా మాట వింటే అయిపోతుండెరా అని. నవ్వుకుంటనే అన్నడు. నేనేమంట? ఊకున్న."

పక్క బండి ఆయన కేకేశాడు. "ఔటన్నా, సంచులున్నయా?"

"ఉన్నయ్, తీస్కపో" అన్నాడు అతను. ఏ బాధా లేకుండా. సొంత పేరుకు పలికినట్టు.

"ఆదివారం పొద్దుగాల్ల పాత మార్కెట్ గేటు కాడి చాయ్ హోటల్‌కు వస్తరు మావోళ్లు" అన్నాడు సంచి చేతిలో పెడుతూ. "నలుగురు మిగిలిండ్రు. వస్తే రా, లేకుంటే లేదు. ఇవి మాత్రం రేపటిదాక ఆగవు, ఇయ్యాలనే తినుండ్రి."

మొదటి ఆదివారం దుకాణంలో స్టాకు సర్దుకున్నాను. రెండో ఆదివారం పెద్ద అంబర్‌పేట్‌లో పనుందని ఇంట్లో చెప్పి, రింగురోడ్డు దాకా పోయి తిరిగి వచ్చాను. ఆ రోజే మా అమ్మాయికి చెప్పాను. ఫోన్ ఆపి మొత్తం వింది.

"మీ గ్రౌండ్‌లో అదే రూల్ అన్నవ్ గదా నాన్నా."

"రూల్ అదే. నేనే పాటించలే."

అమ్మాయి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లోపలికి పోయింది. అప్పటి నుంచి నా దగ్గర కూర్చుని ఆ సీరియల్ చూడటం లేదు. ఇంకా ఎన్ని ఎపిసోడ్లు ఉన్నాయో, ఎవరు గెలిచారో నాకు తెలియదు.

మూడో ఆదివారం వెళ్లాను. హోటల్ బయట బెంచీ మీద నలుగురు. ఒకాయనకు మోకాలు వంగదు, కాలు చాపుకుని కూర్చున్నాడు. పండ్ల బండి అతను చివర, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. నన్ను చూసినా పలకరించలేదు.

"అరె, లారీల షూటర్!" అన్నాడు మోకాలాయన. "ఏంది, ఇన్నేండ్లకు కప్పు వాపస్ తెచ్చినవా?"

"కప్పు ఏం జేస్కుంటం గానీ, చాయ్ తాగు" అన్నాడు ఇంకొకాయన. "ఔట్‌గా, జర జరుగురా. మనకు కప్పు తప్పిచ్చినోని పక్కకే కూసోబెడదాం."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి జరిగాడు.

నేను కూర్చోలేదు. చెయ్యెత్తాలనుకున్నాను, భుజం దాకా వచ్చి ఆగింది. అట్లా సగం ఎత్తిన చేత్తో నిలబడితే, హోటల్‌వాడు నేను చాయ్ అడుగుతున్నాననుకుని గ్లాసు కడగడం మొదలుపెట్టాడు. అప్పుడు పూర్తిగా ఎత్తాను. వేళ్లన్నీ కనబడేట్టు, గ్రౌండ్‌లో ఎత్తినట్టు.

"టచ్" అన్నాను. "ఆ రోజు బాల్ నాకు తగిలింది. అంపైర్ అడిగితే చెప్పలే. ఈయన కోపంతోని కొట్టలే, నా వేలు చూసి కొట్టిండు. గది ఔట్ కాదు."

నవ్వు ఆగిపోయింది. మోకాలాయన నన్ను చూశాడు, అతన్ని చూశాడు. "మరి వాళ్లన్న…" అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు. అతను గ్లాసులోకే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

చెయ్యి దించకుండానే అతని వైపు తిరిగాను.

"మీ అన్న ఉన్నప్పుడే చెప్పాల్సింది. భయపడ్డ. ఆ పేరు నీకు నేను పెట్టిందే అన్నా. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."