తొమ్మిది ఇళ్లకు ఒకే బకెట్

1948, హైదరాబాద్‌పై పోలీసు చర్యకు ముందు రోజులు. నేను సీతాఫల్‌మండికి కొత్త కోడలిగా వచ్చాను. బాంబులు పడతాయేమోనని ఫైర్ స్టేషన్ వాళ్లు మా గల్లీలో తొమ్మిది ఇళ్లకూ ఎర్ర బకెట్లలో ఇసుక పోసిచ్చారు. వారం తిరక్కుండానే మా అత్త ఆ ఇసుకతో గిన్నెలు తోమించి, బకెట్‌లో బట్టలు నానబెట్టింది. గల్లీ అంతా అదే తంతు. నా పెళ్లి రవికెలు కుట్టిన మొదటింటి మేరీ అక్క ఒక్కతే తన ఇసుక ముట్టలేదు.

ఫైర్ జమాదారు తనిఖీకొచ్చాడు. ఆయన ఒక్కో ఇల్లు చూసి బయటికి రాగానే, మేరీ అక్క బకెట్‌ను పెరటి దారిన పక్కింటికి మోసింది నేనే. "శాబాష్, మీ గల్లీ మంచిగున్నది" అని మెచ్చుకున్నాడు. నవ్వుకుంటూ బకెట్‌ను చివరింట్లోనే వదిలేశాను.

మర్నాడు మధ్యాహ్నం మేరీ అక్క ఇంట్లో కిరోసిన్ స్టవ్ భగ్గుమంది. "నా ఇసుక ఏదే పిల్లా!" అని అరిచింది. నేను గల్లీ చివరికి ఉరికి తెచ్చేసరికి, ఆమె ఉత్త చేతులతోనే మంట ఆర్పింది. ఆ చేతులు మళ్లీ సూది పట్టలేదు.

బాంబులేవీ మా గల్లీలో పడలేదు.

"గిట్లయితదని ఎవరికెరుక?" అని మా అత్త ఏడ్చింది. అందరికీ ఎరుకే. ఎరుక కాబట్టే జమాదారు ముందు అంతగా దాచాం.