ఒక్క శవానికి మూడు నొక్కులు

మొన్న బీరువా మీద దుమ్ము దులుపుతూ మా అమ్మాయి వాళ్ళ నాన్న కొన్న మొదటి డిజిటల్ కెమెరాను కిందికి దించింది. ఇటుకంత బరువు, అగ్గిపెట్టెంత తెర. కొన్న కొత్తలో మా ఆయన దాన్ని తిట్టని రోజు లేదు. ఎండలో తెల్లచీర కట్టుకుని నిలబడితే చాలు, చీర మడతలన్నీ మాయమై సున్నం కొట్టిన గోడలా వచ్చేదాన్ని. ఫిలిమైతే ఆ తెలుపును కొంత ఓర్చుకునేదని ఆయన గొణుగుడు. అలా తిడుతూనే, నొక్కిన ప్రతిసారీ వెనక తెర చూసుకునేవారు. అడిగినా అడక్కపోయినా పక్కవాళ్ళకు తిప్పి చూపించేవారు. అందరూ అదేదో ముసలాయన ముచ్చటనుకుని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఎనభైల్లో మాకు నరసరావుపేటలో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళకు పిలిచినట్టే చావులకూ పిలిచేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఫొటో తీయించుకోవడం మా వైపు అలవాటు. ఒక ఎండాకాలం రెంటచింతల దగ్గర పల్లె నుంచి కబురొచ్చింది. పార్టీ గొడవల్లో ఒక కుర్రవాణ్ణి పట్టపగలు గొడ్డళ్ళతో నరికారు. తల్లికి ఒక్కడే కొడుకు. బతికుండగా వాడు ఒక్క ఫొటో కూడా దిగలేదు.

మెడ సగం తెగిందట. తువ్వాలు బిగించి చుట్టి, తల వాలిపోకుండా మేనమామ వెనక నుంచి జుట్టు పట్టుకుని నిలబడ్డాడట. నల్లటి ముఖం, కప్పిన తెల్లగుడ్డ, పైన ఆ ఊరి ఎండ. అంచనా ఒకవైపు తప్పితే ముఖం బొగ్గవుతుంది, మరోవైపు తప్పితే వెలిసిపోతుంది. ఫిలిము కడిగేదాకా తెలియదు, ఈలోగా శవం కాలిపోతుంది. అందుకని మా ఆయన వెలుగును ఒకసారి సరిగ్గా, ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా పెట్టి మూడుసార్లు నొక్కారు. అది ఆయన పద్ధతి. ఎదుటి అరుగు మీద నరికినవాళ్ళ తాలూకు మనుషులు కూర్చుని చూస్తున్నారు.

బస్సు కోసం నిలబడ్డచోట ఆయన్ని చుట్టేశారు.

"ఒక్క శవానికి అన్నిసార్లు నొక్కుడేందిరా? మా మొకాలు పట్టి పోలీసోళ్ళకిద్దామనా?"

"వెలుగు కుదిరిందో లేదో తెలవక తీశానయ్యా. మూడూ ఆ పిల్లోడియ్యే."

"అయితే చూపియ్."

"కడిగితేగాని కనపడవయ్యా."

తప్పించుకునే మాటనుకున్నారు. మొదటి దెబ్బకు ముందుపళ్ళు రాలాయి. కుడిచేతిని మైలురాయి మీద ఆనించి, గొడ్డలి తిరగేసి వేళ్ళ మీద కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు తన చెవులకే వినబడిందని ఆయన చెప్పారు. ఆనక కెమెరా మూత ఊడబెరికి, ఫిలిమంతా ఎండలోకి లాగి పారేశారు. వాళ్ళ మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

దుమ్ములోంచి ఆ ఫిలిమును ఎడమచేత్తో ఏరుకొచ్చారు. లోపలి చుట్టల్లో ఏమైనా మిగిలిందేమోనని ఆయన చెబుతుంటే నేనే కడిగాను. ఎండ తగిలి మొదలు నుంచి చివరిదాకా నలుపే.

పెద్దకర్మ అయ్యాక ఆ కుర్రవాడి తల్లి ఫొటో కోసం వచ్చింది. జరిగింది నేనే చెప్పి ఆ నల్లటి ఫిలిము చేతికిచ్చాను. కిటికీకెదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులోనే యాడో ఉండుంటాడులే అమ్మాయ్" అని, చుట్టచుట్టి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ముఖాన్ని కెమెరాలోంచి చూసిన మా ఆయన కూడా ఇప్పుడు లేరు. మనిషి ఒక్క మధ్యాహ్నంలో పోతాడు. అతని ముఖం పోవడానికి మాత్రం గుర్తున్నవాళ్ళంతా ఒక్కొక్కరే పోవాలి, ఆ పనికి కాలం ఎన్నేళ్ళయినా తీసుకుంటుంది.