మరమనిషి మామూలు భాష

2011 అక్టోబరు 8, శనివారం. మాదాపూర్‌లో డబ్బింగ్ గది. ఉదయం పది గంటలు.

హాజరైనవారు: డబ్బింగ్ దర్శకుడు, సౌండ్ ఇంజనీరు, టీవీ ఛానల్ తరఫున వచ్చిన యువకుడు, గొంతు ఇచ్చే కళాకారిణి, మాటల రచయిత్రిగా నేను. రావలసి ఉండీ రానివారు: సినిమాలో ముసలాయనకు గొంతు ఇవ్వవలసిన పెద్దమనిషి. కారణం: బస్సులు లేవు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. సర్కారు కొలువులో అనువాదకురాలిగా పనిచేసినన్నాళ్లూ ఏ సమావేశం జరిగినా ముందు తేదీ, తర్వాత హాజరు రాయడం నా పని. కొలువు అయిపోయినా అలవాటు పోలేదు. పదవీ విరమణ తర్వాత టీవీలో వేసే విదేశీ సినిమాలకు తెలుగు మాటలు రాయడం మొదలుపెట్టాను. ఛానల్‌కు మరమనుషుల సినిమాలంటే మోజు. అప్పటికి పద్నాలుగు సినిమాలకు రాశాను. లెక్క డైరీల్లోనే ఉంది.

పద్నాలుగింటిలోనూ ఒకటే వరస. లోకాన్ని తగలబెట్టే యంత్రం ఒకటి, లేదా మనిషిని కావాలని కుమిలిపోయే యంత్రం ఒకటి. పక్కన నవ్వించడానికి గోడలకు గుద్దుకుంటూ తిరిగే డొక్కుది ఒకటి. తగలబెట్టేదీ కుమిలిపోయేదీ వార్తలు చదివే తెలుగు మాట్లాడేవి. డొక్కుది తెలంగాణ మాట్లాడేది. ఎవరో చేసిన పని కాదు. జనగామ దగ్గర పుట్టిన నేనే, నా చేత్తోనే, పద్నాలుగు సార్లు అలా రాశాను.

మేం రాసే కాగితానికి ఐదు గడులు. సమయం, పాత్ర, మాట, పెదవులు మూసుకునే చోట పెట్టే ఎర్రచుక్క, చివర యాస. యాస గడి దాదాపుగా ఖాళీగానే ఉంటుంది. ఖాళీ అంటే మామూలు భాష అని అర్థం. పనిమనిషో, జేబుదొంగో, తాగుబోతో, డొక్కు యంత్రమో వస్తే మాత్రం ఆ గడిలో ‘తెలం.’ అని రాస్తాం. ఛానల్ వాళ్లకు మాటలు చదివే తీరిక ఉండదు. ఆ చివరి గడిని పైనుంచి కిందికి ఒకసారి చూసి సంతకం పెడతారు. ‘తెలం.’ కనిపిస్తే ఫలానా ఆమెను పిలవండి అంటారు.

ఆ ఫలానా ఆమె సిద్దిపేట వైపు మనిషి. నాటకాల్లో రాణి వేషాలు వేసి వచ్చింది. ఇక్కడ పదకొండేళ్లుగా పనిమనిషికీ కూరగాయలామెకూ దొంగ పెళ్లానికీ గొంతు ఇస్తోంది. ఒక్కో సినిమాలో నాలుగు మాటలు, అయిదు మాటలు. ఆమెకు ఒక పెద్ద పాత్ర దక్కాలని, అదీ ఆమె సొంత మాటతోనే దక్కాలని, ఈ పదిహేనో సినిమా చేతికి వచ్చినప్పుడు నిశ్చయించుకున్నాను.

సినిమా కథ చిన్నది. చలి ఊళ్లో, ఎత్తైన మేడలో ఒంటరి ముసలాయన. ఒకప్పుడు ఇంజనీరు. ఆయనను చూసుకోవడానికి ఒక సంస్థ ఆడమనిషి రూపంలో ఉన్న నర్సు యంత్రాన్ని పంపుతుంది. అది ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనిషిని విని మాటలు నేర్చుకుంటుంది. రెండేళ్ల తర్వాత సంస్థవాళ్లు వచ్చి దాని జ్ఞాపకాన్ని తుడిచి ఇంకో ఇంటికి పంపుతామంటారు. అది ఒప్పుకోదు. అంతే కథ. ఇల్లు ఊడ్చే డొక్కు యంత్రం కూడా ఒకటి ఉంది.

నర్సు మాటలన్నీ తెలంగాణలో రాశాను. ముసలాయనవీ అలాగే రాశాను, దానికి నేర్పింది ఆయనే కాబట్టి. ఆ ఇద్దరి యాస గడులూ ఖాళీగా వదిలేశాను. డొక్కుదాని గడిలో ‘తెలం.’ అని రాశాను, లేకపోతే ఆమెను పిలవరు కాబట్టి. నా జీవితంలో తెలిసి చేసిన తప్పుడు నమోదు అదొక్కటే. ఛానల్‌వాళ్లు గడి చూశారు, సంతకం పెట్టారు.

సకల జనుల సమ్మె నెల కావస్తోంది. నేను మదీనాగూడ నుంచి కొత్తగూడ దాకా షేర్ ఆటోలో వచ్చి మిగతాది నడిచాను. ఆమె గోపన్‌పల్లి నుంచి సగం దూరం ఎవరిదో పాల వ్యానులో వచ్చిందట. వస్తూనే, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది.

“దసరా నాడే రావాల్నమ్మా. బస్సుల్లేకపాయె. బంగారం రెండు రోజులు లేటు.” చెప్పులు విడిచి అద్దాల గది వైపు చూసింది. “ఇగ చెప్పు. ఇయ్యాల నేనేం ఊడ్వాలె?”

“యంత్రం,” అన్నాను.

“మరమనిషినైనా ఊడ్సుడేనా? దానికన్నా జర తప్పుతదనుకున్న.”

సౌండ్ ఇంజనీరు నవ్వాడు. కడప జిల్లా పిల్లవాడు, మాట తక్కువ. నేను నర్సు కాగితాలు ఆమె చేతికి ఇచ్చాను. అచ్చుపోసిన ముఖం, కదలని పెదవులు, నర్సు బొమ్మ తెర మీద ఆగి ఉంది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలు చదివింది. మూడో పేజీ తిప్పలేదు.

“అమ్మా, గిది నర్సుది.”

“అవును.”

“గిది మన మాట.”

“అవును.”

“ఆల్లకు ఎర్కేనా?”

“ఇంకా లేదు,” అన్నాను.

తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె మొదటి మాట చెప్పగానే దర్శకుడు రికార్డింగు ఆపించాడు. తెనాలి మనిషి, నాకంటే పదేళ్లు చిన్న, మంచివాడు. “అమ్మగారూ, కాగితాలు తారుమారయ్యాయండీ. ఈవిడ నర్సు మాట చెబుతున్నారు.”

“తారుమారు కాలేదు సార్. నర్సు ఈమెనే.”

ఛానల్ యువకుడు ఫోను పక్కన పెట్టాడు. అతను కూకట్‌పల్లి నుంచి సొంత బండి మీద వచ్చాడు. కాగితం తీసుకుని అలవాటుగా చివరి గడి చూశాడు, తర్వాత మొదటిసారిగా మాటల గడి చదివాడు. ముఖం ఎర్రబడింది.

“మేడమ్‌గారూ, ఇక్కడ యాస కాలమ్ ఖాళీగా ఉందండి. మరి మాటలేమో తెలంగాణలో ఉన్నాయి.”

“ఖాళీ అంటే మామూలు భాష కదా బాబూ.”

“అవునండి.”

“నాకు ఇదే మామూలు భాష.”

అతను దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు పైకప్పు చూశాడు.

“రోబోకి న్యూట్రల్ లాంగ్వేజ్ ఉండాలండి,” అన్నాడు యువకుడు.

“అంటే ఎవరి భాష?”

“అందరిదీ అండి.”

“అందరిదైతే ఈమెది గూడ కావాలె గద.”

“అది కాదండి. బయట ఉద్యమం నడుస్తోంది. ఇప్పుడు ఇలా వేస్తే ఛానల్ ఒక పక్షం తీసుకున్నట్టు ఉంటుందండి.”

“ఇన్నేండ్ల సంది దొంగకు పెట్టినం, తాగుబోతుకు పెట్టినం. అప్పుడు ఏ పక్షం తీసుకున్నట్టు?”

నేను కోపంలో ఉన్నప్పుడు నా నోట కూడా ఇంటి మాటే వస్తుంది. డైరీ అయినా, ఇదైనా రాసేది మాత్రం పుస్తకాల భాషలోనే. బడి నాకు అలా నేర్పింది, మార్చుకునే వయసు దాటింది. అందుకే ఆ యంత్రాన్నయినా దాని మాట మాట్లాడనివ్వాలనుకున్నాను.

దర్శకుడు మెల్లగా తనకు తెలిసిన దారిలో వచ్చాడు. “భాష సంగతి వదిలేయండమ్మా. లిప్పు కుదరదండీ. మన మామూలు మాటలకైతే పెదవులు పడతాయి. తెలంగాణకి పడవు. ఇరవై ఏళ్ల అనుభవం నాది.”

ఇది ఈ పరిశ్రమలో పాత సాకు. దీనికి సిద్ధపడే వచ్చాను. తెర వైపు చూపించాను. “నర్సుకు పెదవులు కదలవు సార్. అచ్చు ముఖం. సినిమా మొత్తంలో ఒక్క ఎర్రచుక్క లేదు, చూసుకోండి.”

ఆయన నర్సు కాగితాలు చివరిదాకా తిప్పాడు. చుక్క లేదు. “ముసలాయనకు ఉన్నాయి కదండీ.”

“ఆయనకు మూడు వందల పన్నెండు చుక్కలు. అన్నీ పడ్డయి. రెండుసార్లు చూసిన.”

“అయినా ఆయన ఇంజనీరండీ,” అన్నాడు యువకుడు ఆశగా.

అద్దాల గదిలోంచి ఆమె గొంతు వచ్చింది. రికార్డింగు ఆగినా మైకు ఆపలేదు. “ఎదురుంగ ఉన్న అద్దాల మేడల పోయి అడుగుండ్రి సార్, మా దిక్కు ఇంజనీర్లు ఎంతమంది ఉన్నరో. లోపలికి పోయినంక మాట మార్సుకుంటరు, గంతే.”

అది నిజం. ఎదురుగా ఉన్నవన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీల మేడలు. మా అపార్ట్‌మెంటులో వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఆ మేడల్లో ఒకదాంట్లో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం. చేరిన కొత్తలో ఆరు వారాలు మాట ఎలా తిప్పాలో తరగతులు పెట్టారట. ‘మమ్మల్ని తుడిచి మళ్ల రాస్తరు ఆంటీ’ అంది ఒకసారి లిఫ్టులో. ఆ మాట ఆ రోజు డైరీలో ఉంది. ఈ సినిమాకు రాసేటప్పుడు దాన్ని వెతికి చూసుకున్నాను. మనిషి లాంటి యంత్రాన్ని చూసి అందరూ భయపడతారు. నాకు ఆ అమ్మాయికి పెట్టిన తరగతులంటే భయం.

అప్పుడే కరెంటు పోయింది. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి రోజూ కోతే. మా జనరేటరులో డీజిల్ లేదు. ఎదుటి మేడల్లో ఒక్క దీపమూ ఆరలేదు.

“రెండు గంటలు రాదు సార్,” అన్నాడు సౌండ్ ఇంజనీరు.

యువకుడు లేచాడు. లేచేవాణ్ని నేను ఆపాను. “ఒక్క మాట విని పో బాబూ. చివరి మాట. నచ్చకపోతే నా కాగితాలు నేనే చింపి ఇస్త.”

ఆమె అద్దాల గది తలుపు తెరుచుకుని చీకట్లోంచి బయటికి వచ్చింది. మైకు లేదు, తెర లేదు. కాగితం చూడలేదు. చేతులు కట్టుకోలేదు, ఊపలేదు. సినిమాలో ఆ యంత్రం నిలబడినట్టే నిలబడి, సంస్థవాళ్లతో చెప్పే మాట చెప్పింది.

“ఈ పెద్దమనిషి ఏ దిక్కు ఒత్తిగిలి పంటడో నాకెర్క. చాయ్‌ల శక్కర ఎంతేస్తే తాగుతడో నాకెర్క. గది మీరు నాలో పెట్టింది కాదు, నేను నేర్సుకున్నది. మీరు పెట్టింది మీరు తీస్కపోండి. నేను నేర్సుకున్నది నేనియ్య.”

గొంతు పెంచలేదు. ఎదుటి మేడ జనరేటరు మోత ఒక్కటే వినిపించింది. దర్శకుడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“మళ్లీ చెప్పమ్మా,” అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి దర్శకుడు తన ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

యువకుడు కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు. “మరి ఆ డొక్కుది ఏం మాట్లాడుతుందండి? దాని కాలమ్‌లో తెలం. అని ఉంది.”

“చదువు.”

ఫోను వెలుగులో చదివాడు. “‘క్షమించవలెను. గోడ అడ్డు వచ్చినది. మార్గము మరల్చుకొనుచున్నాను.’” చదువుతుండగానే నవ్వు వచ్చేసింది అతనికి. ఇంజనీరు అయితే కుర్చీలోంచి జారాడు.

“మా మాట పెడతారేమో అని భయపడ్డానండీ,” అన్నాడు దర్శకుడు.

“మీ మాట ఎందుకు సార్? ఎవ్వరి మాటా నవ్వులపాలు కావద్దు. గా పుస్తకాల భాష ఇగ ఎవ్వరి ఇంట్ల మాట్లాడరు.”

సాయంత్రమైనా ఏదీ తేలలేదు. ఛానల్ పెద్దలకు ఫోనులోని మాట వినిపిస్తామన్నారు. సంగతి మర్నాడు చెబుతామన్నారు. మేమిద్దరం కొండాపూర్ దాకా కలిసి నడిచాం. ఆమె అడిగింది ఒక్కటే.

“వద్దంటే ఏం జేస్తవమ్మా?”

“కాగితాలు చింపుత. ఇంక రాయ.”

“నేను మాత్రం మళ్ల ఊడ్వ,” అంది.

మర్నాడు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలకు హాజరు: నిన్నటి ఐదుగురమే. దర్శకుడే ముందు వచ్చి తాళం తీశాడు. నర్సుకు గొంతు ఇవ్వడానికి ఆదివారం రావలసిన అమ్మాయితో రాత్రే మాట్లాడాడట. సంస్థ అధికారిణి పాత్ర ఇస్తానన్నాడట, ఆ అమ్మాయి సరేనందట.

యువకుడు కాగితాల కట్ట నా ముందు పెట్టాడు. “మావాళ్లు విన్నారండి. సరే అన్నారు. ఒక్క కండిషన్. నర్సు యాస కాలమ్‌లో తెలం. అని రాసి ఇవ్వాలట. రికార్డుకి. ఖాళీగా ఉండకూడదట.”

ఆమె నా వైపు చూసింది. నేను కలం తీశాను. ముందు డొక్కుదాని గడిలో నేను రాసిన అబద్ధాన్ని కొట్టేసి ‘పుస్తకం’ అని రాశాను. నర్సుకు తెలంగాణ అని పూర్తిగా రాశాను, పొట్టి అక్షరాలు కాదు. ముసలాయనకు తెలంగాణ. అక్కడ ఆగలేదు. సంస్థ అధికారిణికి కృష్ణా. వకీలుకు గుంటూరు. పక్కింటామెకు తూర్పుగోదావరి.

“అవి రాయక్కర్లేదండి,” అన్నాడు యువకుడు. “అవి మామూలే కదండి.”

“ఖాళీగా ఉండొద్దన్నరు గద బాబూ. ఒక్క గడి నింపితే అందరివి నింపుత. లేకుంటే ఒక్కటి గూడ నింప.”

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “మేడం, ఆ డాక్టరుకు కడప పెట్టకూడదా? మా మాట ఇనపడితే యెనకాల బాంబు పడాల్సిందేనా ఎప్పుడూ?”

డాక్టరువి ఆరు మాటలు. అతను చెబుతుంటే అక్కడికక్కడే మార్చాను. ఒక చుక్క తప్పింది, దాన్నీ సరిచేశాను. గడిలో కడప అని రాశాను.

యువకుడు కట్ట తీసుకుని చివరి గడిని పైనుంచి కిందికి చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు. సంతకం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు కలం పట్టుకుని, చివరికి పెట్టాడు.

ఆమె చెప్పులు విడిచి అద్దాల గదిలోకి వెళ్లింది. మైకు తన ఎత్తుకు దించుకుంది.

“కరెంటు పదింటికి పోతది సార్,” అంది. “కానీయుండ్రి.”

ఎర్రదీపం వెలిగింది. డైరీలో సమయం ఎనిమిది ముప్పావు.