అంకెను ఒంటరిగా వదలని పెంచలప్రసాద్

పాము ఎదురైతే పెంచలప్రసాద్ పక్కకు తప్పుకుంటాడు గానీ, కాగితం మీద అంకె ఒక వరుసలో, దాని కొలత కింది వరుసలో కనబడితే మాత్రం కదలడు. సరిచేయాల్సిందే. ఒక శుభలేఖలో ‘10’ పైన, ‘గంటలకు’ కింద పడిందని కొత్తది అచ్చువేసి పట్టుకెళ్లాడు. అప్పటికి పెళ్లివారు భోజనాలకు కూర్చున్నారు.

జువ్వలదిన్నెలో పడవలవాళ్ల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని ఆయనది. అదే ఆఫీసులో పనిచేసే వినీల రోజూ గాలి, అలల కబురు మార్క్‌డౌన్‌లో, అంటే ఉత్త టైపింగులో, కొట్టి ఇస్తుంది. ప్రోగ్రాం దాన్ని నోటీసుగా మారుస్తుంది. దానికి ప్రసాద్ సొంతంగా ఎక్స్‌టెన్షన్లనే అదనపు నియమాలు తగిలించాడు. నిలువు కొటేషన్ గుర్తులు వంపు తిరుగుతాయి, మూడు చుక్కలు ఒద్దికగా సర్దుకుంటాయి, అంకె, కొలత విడిపోకుండా ఒకే వరుసలో నిలబడతాయి. అన్నీ వాటంతట అవే! ఆ తర్వాత ఆయన స్కేలు పెట్టి చూసుకుంటాడు. దానికి అరగంట.

“గాలి కబురన్నా అది! పడవలు పోయినాక అతికిస్తే ఎవురికి?” అంటుంది వినీల.

“చదవలేనట్టు అతికిస్తే మాత్రం ఎవురికి పాపా?” అంటాడాయన.

ఒకరోజు గాలి హెచ్చరిక వచ్చింది. ప్రసాద్ పనిమీద కావలి టౌనుకు పోయి ఉన్నాడు. ఇదే అదను అనుకొని వినీల ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి, రెండు నిమిషాల్లో నోటీసు బోర్డుకు అతికించింది. ఏదో గెలిచినట్టు సంబరపడింది కూడా.

ముందుగా చిన్నపోలయ్య వచ్చాడు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేలు పెట్టి చదువుతూ ‘గంటకు 55’ దగ్గర ఆగాడు. కింది వరుస ఎక్కడ మొదలవుతుందో వెతికాడు, దొరకలేదు. వెనక నలుగురు చేరేసరికి వేలు తీసేశాడు.

“చదివినావా మామా?” అని అడిగింది వినీల.

“ఆఁ... చదివినాలే పాపా. మామూలు గాలే.” పడవ వైపు నడిచాడు.

ఆయన పూర్తిగా చదవలేదని వినీలకు అర్థమైపోయింది. నోటితో చెబితే నలుగురిలో ఆయన పరువు పోతుంది. “మామా, ఆగు! ఇంకో కాగితం ఉండాది!” అని అరిచి లోపలికి ఉరికింది. ఎక్స్‌టెన్షన్లు తిరిగి పెట్టడానికి ఫైలు తెరిస్తే, ఒక్కో నియమం పక్కన ప్రసాద్ రాసుకున్న ముక్క: ‘పోలయ్య మామ వేలు ఇక్కడ ఆగింది.’ ‘మహాలక్ష్మమ్మ ఇక్కడ తడబడింది.’ ‘పోలయ్య మామ మళ్లీ ఇక్కడే.’ పదిహేడు నియమాలు, పదిహేడు తడబాట్లు. ఈ మహానుభావుడు రోజూ బోర్డు పక్కన గంటసేపు టీ తాగేది ఇందుకా!

కొత్త నోటీసు మీద చిన్నపోలయ్య వేలు ఎక్కడా ఆగలేదు. “గంటకు యాభై అయిదు కిలోమీటర్లు... అమ్మో! ఒరే, ఈపొద్దు ఎవురూ పడవ దించబాకండ్రా! నేను చదివినా!”

అప్పటికే చదివేసినవాళ్లు కూడా కొత్తగా విన్నట్టు తలలూపారు.