గేటు దాటాలంటే నంబరు

ఆ రోజుల్లో పిల్లవాడి చదువు మొత్తానికి తండ్రి స్కూలుకు వచ్చేది రెండే రెండు సార్లు. చేర్చడానికి ఒకసారి, టీసీ తీసుకోవడానికి ఇంకోసారి. మధ్యలో ఉన్న పదేళ్ళూ పిల్లవాడికీ మాస్టార్లకూ వదిలేసేవారు. ఇప్పుడు బాపట్లలో మా అమ్మాయి చదివే స్కూలు నుంచి నా ఫోనుకు రోజుకు సగటున నాలుగు మెసేజీలు వస్తాయి (నెల రోజులు లెక్కపెట్టి చెబుతున్నాను. ఆదివారాలు కలుపుకుంటే సగటు కొంచెం తగ్గుతుంది). స్కూల్లో అడుగుపెట్టిందని ఒకటి, హోంవర్కు చేసిందనో చెయ్యలేదనో ఒకటి, పరీక్ష ఉందని ఒకటి, ఆ పరీక్షలో ఎన్నొచ్చాయో ఒకటి. ఫోను మోగినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఎందుకంటే ఇంటింటికీ ఫోన్లు లేని కాలంలోనే, తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బ్రాంచి లైను మీద ఒక గేటు గదిలో కూర్చుని, ఆయన ఇలాంటి ఏర్పాటే ఒకటి సొంతంగా కనిపెట్టాడు. దాన్ని అనుభవించినవాణ్ణి ప్రపంచం మొత్తం మీద నేనొక్కణ్ణే.

మా నాన్న ఆ లైను మీద గేట్‌మన్. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా డ్యూటీ. నేను పదో తరగతి. అర్ధసంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో వందకు పద్దెనిమిది వచ్చాయి. ఇవాళ ఎవరి ఇంటి శ్లాబుకు ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో గుమ్మంలో నిలబడే చెప్పేస్తాను, ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. కానీ ఆ వయసులో ఏడెనిమిదులు ఎంతో చెప్పడానికి కూడా నాకు వేళ్ళు కావలసి వచ్చేవి. హెడ్మాస్టారు మా నాన్నను తీసుకురమ్మన్నారు. నేను దిగులుపడలేదు. స్కూలు తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, నాన్న డ్యూటీ ఆరు నుంచి ఆరు దాకా. స్కూలు ఉన్న ఏడు గంటల్లో ఆయన ఖాళీగా ఉండే సమయం సున్నా. గేటు వదిలి ఆయన రాడు, రాలేడు. నా జీవితంలో నేను సొంతంగా వేసిన మొదటి లెక్క అదే అనుకుంటాను. అది తప్పింది.

మర్నాడు పదకొండు గంటలకు మా నాన్న యూనిఫాంలో, చంకలో చుట్టిపెట్టిన ఎర్రజెండా, పచ్చజెండాతో స్కూలు వరండాలో నిలబడి ఉన్నాడు. గంటసేపు బదులు మనిషిని పెట్టుకుని వచ్చాడట. ఆ జెండాలను చూసి నేను కొయ్యబారిపోయాను. నా పక్కనున్నవాడు "ఏరా, మీ నాన్న మన స్కూలుని ఆపడానికొచ్చాడేంట్రా" అన్నాడు.

హెడ్మాస్టారు అందరికీ చెప్పే మాటే చెప్పారు. ఇంటి దగ్గర కూడా కాస్త పట్టించుకోవాలయ్యా, అంతా మామీద వదిలేస్తే ఎలా అని. ఆ మాట విన్న తండ్రులందరూ అలాగేనండి అని వెళ్ళిపోయేవారు. మా నాన్న వెళ్ళలేదు. "ఎలా పట్టించుకోవాలో చెప్పండి, అలాగే పట్టించుకుంటానండి" అన్నాడు. హెడ్మాస్టారు లెక్కల మాస్టారి వంక చూశారు. లెక్కల మాస్టారు (కనిష్ఠ సామాన్య గుణిజం అంటే ఆయనకు ప్రాణం కాబట్టి ఆయన్ని కసాగు మాస్టారు అనేవాళ్ళం) గోడ వంక చూశారు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. అప్పుడు మా నాన్న, తను ఏడో తరగతితో ఆపేశానని, వీడు చేసిన లెక్క తప్పో ఒప్పో చూడలేనని, గేటు వేశానో లేదో చెప్పడం మాత్రం వచ్చనీ అన్నాడు. అంతటితో ఆగకుండా, ప్రీఫైనల్లో లెక్కల్లో ముప్పై అయిదు రాకపోతే వీణ్ణి చెరుకుపల్లిలో తన బావమరిది రైసుమిల్లుకు పంపేస్తానని అందరి ముందూ చెప్పేశాడు. మా మావయ్య నా కోసం అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బండి వచ్చే ముందు స్టేషన్ మాస్టరు గేటుకు ఫోను చేస్తాడు. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, ఒక రెండంకెల నంబరు చెబుతాడు. దాన్ని ప్రైవేటు నంబరు అంటారు. గేట్‌మన్ దగ్గర అలాంటి నంబర్ల షీటు ఒకటి ఉంటుంది, వరసా వావీ లేని నంబర్లు, వాడినదాన్ని వాడినట్టు కొట్టేయాలి. ఇద్దరూ ఆ నంబరు రాసుకున్నాకే బండి కదులుతుంది. ఉత్త మాటగా "వేశానండి" అంటే చెల్లదు. మా నాన్నకు ప్రపంచంలో నమ్మకమైన ఏర్పాటు అంటే అదొక్కటే. కాబట్టి ఆయన రెండు కాగితాల మీద ఒకే వరసలో తొంభై నంబర్లు రాసి, ఒకటి తన చొక్కా జేబులో పెట్టుకుని, రెండోది కసాగు మాస్టారికి ఇచ్చాడు (రైల్వేలో ఒకరి షీటు ఇంకొకరి దగ్గర ఉండదు. నా కోసం ఆ నిబంధన సవరించాడు). నేను ఆ రోజు పది లెక్కలు సరిగ్గా చేస్తే, మాస్టారు షీటులో తర్వాతి నంబరు చీటీ మీద రాసి ఇవ్వాలి. సాయంత్రం ఆ చీటీ నేను గేటు దగ్గర చూపించాలి. మా ఇల్లు గేటుకు ఇవతల, క్రికెట్ ఆడే మైదానం అవతల. నంబరు ఉంటే అవతలికి, లేకపోతే ఇంటికి.

పట్టాలు ఎక్కడైనా దాటొచ్చు కదా అని మీకు తోచవచ్చు. గేట్‌మన్ కొడుకు గేటు కాని చోట పట్టాలు దాటడం మా ఇంట్లో హత్యకు కొంచెం తక్కువ నేరం. అలా ఊళ్ళో ఎడ్లబండ్లు, గేదెలు, కోళ్ళు కూడా స్వేచ్ఛగా దాటే గేటు నాకొక్కడికే మూసి ఉండేది. మా జట్టువాళ్ళు అవతల నిలబడి "నంబరొచ్చిందేంట్రా" అని అరిచేవారు. ముప్పై ఏడు పనిరోజుల్లో నాకు ఇరవై మూడు చీటీలు వచ్చాయి. మిగతా పద్నాలుగు సాయంత్రాలు ఇవతలి నుంచే మ్యాచి చూశాను.

అప్పుడే నాకు నంబర్ల పిచ్చి పట్టింది. వచ్చిన నంబర్లన్నీ నోటుబుక్కు వెనకపేజీలో వరసగా రాసుకుని, తర్వాతిది ఏది వస్తుందో కనిపెట్టాలని కూర్చున్నాను. పక్కపక్క నంబర్లను తీసివేశాను, కలిపాను, తొమ్మిదితో భాగించి శేషాలు చూశాను, వర్గాలు వేశాను. ఎక్కాలు నాకు ఆ పనిలోనే వచ్చాయి. (ఇంత కష్టం పడినవాడు ఆ పది లెక్కలూ చేస్తే పోయేది కదా అంటారేమో. ఆ ఆలోచన నాకు నలభై దాటాక వచ్చింది.) ఏ సూత్రానికీ అవి లొంగలేదు. నాన్న తన రైల్వే షీటు నుంచే ఎక్కించాడనుకుని రైల్వేవాళ్ళ తెలివికి దండం పెట్టి, ఒక ఆదివారం మా అమ్మ వెంట చర్చికి వెళ్ళాను.

మా అమ్మ చర్చిలో పాటలు ఎత్తుకునేది. ప్రతి ఆదివారం పాడే కీర్తనల నంబర్లు, వారానికి నాలుగు, ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకునేది, పాడిన పాటే వెంటనే మళ్ళీ రాకుండా. ప్రసంగం సాగుతోంది. నేను ఊరికే ఆవిడ ఒళ్ళో తెరిచి ఉన్న పుస్తకం వంక చూశాను. రెండేళ్ళ కిందటి పేజీ. అందులో ఒక వరస: 141, 18, 267, 52. ఆ వారం నాకు వచ్చిన చివరి నాలుగు చీటీలు: 41, 18, 67, 52.

నేను లేచి నిలబడ్డాను. చర్చిలో నూటపది మంది కూర్చుని ఉన్నారు, నిలబడింది పాస్టరుగారూ నేనూ. ఆయన సంతోషపడి, ఈ బాబును దేవుడు తాకాడు అన్నారు. అమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. మా నాన్నకు తలా తోకా లేని నంబర్లు పుట్టించడం చేతకాలేదు. నిజాయితీపరుడు కదా, ఏది రాసినా దాంట్లో ఏదో ఒక క్రమం వచ్చేస్తోందని భయపడి ఉంటాడు. అమ్మ పుస్తకం తీసి, వందలు కొట్టేసి, ఒకసారి వచ్చినదాన్ని దాటేసి, వరసగా ఎక్కించేశాడు. రాబోయే అరవై ఏడు రోజుల నా భవిష్యత్తు మా అమ్మ ఒళ్ళో ఉంది.

ముప్పై మూడు, ఎనభై నాలుగు, పంతొమ్మిది, డెబ్భై ఆరు. సోమవారం నుంచి చీటీలు నేనే రాసుకున్నాను. రెండంకెలు ఎవరు రాసినా ఒకలాగే ఉంటాయి. నాన్న చీటీ చూసి, షీటు చూసి, గీత కొట్టి, "పోరా" అనేవాడు. ఎనిమిది రోజులు ఒక్క లెక్క చెయ్యలేదు, ఒక్క మ్యాచి వదల్లేదు. కసాగు మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. నంబరు వెళ్ళడం లేదు కాబట్టి గేటు దగ్గర మా నాన్నకు సంగతి తెలుస్తూనే ఉంటుందని ఆయన ధీమా. నంబరు వస్తోంది కాబట్టి స్కూల్లో అంతా సవ్యంగానే ఉందని నాన్న ధీమా. ఆ రెండు ధీమాల మధ్య నేను హాయిగా బౌలింగ్ చేసుకున్నాను. నాన్న షీటు ముందుకు పోతోంది, మాస్టారి షీటు యాభై రెండు దగ్గరే ఆగి ఉంది అన్న చిన్న విషయం మాత్రం నా లెక్కలోకి రాలేదు.

మాస్టారు గేటు అవతల ఉండేవారు కానీ, పొద్దున ట్యూషన్లకని ఆరు కాకముందే వచ్చేసేవారు, సాయంత్రం స్కూలు కాగితాలు చూసుకుని ఆరు దాటాకే సైకిలు తీసేవారు. అప్పటికి నాన్న డ్యూటీ దిగిపోయేవాడు. తొమ్మిదో రోజు వాళ్ళ చుట్టాలెవరో వస్తున్నారని తొందరగా బయల్దేరారు. నేను తొమ్మిదో చీటీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. గేటు ముందు సైకిలు. సైకిలు పక్కన మాస్టారు. మాస్టారి పక్కన మా నాన్న, చేతిలో పచ్చజెండా.

"ఏమయ్యా, మీవాడు యాభై రెండు దగ్గర ఆగిపోయాడు, నువ్వేమీ అడగడం లేదా?"

"లేదండి. నిన్న అరవై ఒకటి ఇచ్చాడు కదండీ."

రేపల్లె పాసింజరు వచ్చింది. నేను చీటీ నోట్లో పెట్టుకుని నమిలాను. ఆ బండికి ఏడు పెట్టెలు. ఏడు పెట్టెలూ పోయేంతసేపు మా నాన్న జెండా కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు, నా వంక చూడలేదు. బండి పోయాక గేటు తీశాడు, మాస్టారు వెళ్ళిపోయారు. రెండు చోట్ల రెండు నంబర్లు ఉండటం అంటే ఆయన ఉద్యోగంలో ఎదురెదురుగా రెండు బళ్ళు రావడమే. దెబ్బలు ఎన్ని పడతాయో నేను అంచనా వేసుకుంటున్నాను. ఒక్కటి కూడా పడలేదు. ఇంటికి వెళ్ళాక అసలు సంగతి కక్కించాడు. మా అమ్మ నన్ను వదిలేసి ఆయన మీద పడింది. "దేవుడి పాటలు తీసుకెళ్ళి రైలు గేటుకు కట్టారా? అడిగితే ఇంకేవైనా చెప్పేదాన్ని కదండీ" అని ఆవిడ గంటసేపు సాధించింది. ఆయన వింటూనే నా చీటీల లెక్క రాసే నోటుబుక్కు తీసి, వివరాల గడిలో ఒక వాక్యం రాశాడు. నేను తొంగి చూశాను. "తప్పు గేట్‌మన్‌ది. నంబర్లు రహస్యంగా ఉంచలేదు." కింద సంతకం.

తిడితే తట్టుకునేవాణ్ణి. సంతకం పెడతాడనుకోలేదు. మావయ్య మిల్లుకు రేపే పంపేస్తాడనుకున్నాను. ఆయన షీటు నాలుగు ముక్కలు చేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"స్టేషన్ మాస్టరుకు నా గేటు కనపడదురా. నేను చెప్పిన నంబరు రాసుకుని బండి వదిలేస్తాడు. రేపట్నుంచి నంబరు నువ్వే చెప్పు. నేను రాసుకుంటాను."

నాకు అర్థం కాలేదు. చీటీ అక్కర్లేదా అన్నాను. అక్కర్లేదన్నాడు. ఏ నంబరైనా చెప్పొచ్చా అన్నాను. వాడింది మళ్ళీ వాడకుండా ఏదైనా చెప్పమన్నాడు. ఇంతకంటే తేలికైన మోసం భూమ్మీద ఉండదు, చిన్న లెక్క కూడా వెయ్యక్కర్లేదు. మర్నాడు సాయంత్రం గేటు దగ్గరికి వచ్చాను. పది లెక్కల్లో ఆరే చేశాను. నాన్న నోటుబుక్కు తెరిచి, పెన్సిలు పట్టుకుని నా వంక చూశాడు. అవతల మా జట్టు పిలుస్తోంది. నాకు పది నుంచి తొంభై తొమ్మిది దాకా ఒక్క నంబరూ నోటికి రాలేదు.

"లేదు నాన్నా" అన్నాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, గేటు గదిలో స్టూలు జరిపాడు. మిగిలిన నాలుగూ అక్కడే కూర్చుని చేశాను. ఉడకేసిన వేరుశనక్కాయల పొట్లం నా ముందుకు తోసి, ఆయన నా నోటుబుక్కులోకి తలకిందులుగా చూస్తూ కూర్చున్నాడు. ఒక్క లెక్కా ఆయనకు అర్థం కాలేదు. నేను ముగించేదాకా బండికి తప్ప లేవలేదు. అప్పటికి మైదానంలో ఆట అయిపోయింది. అయినా నంబరు చెప్పాను, రాసుకున్నాడు. ప్రీఫైనల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. కసాగు మాస్టారు రెండుసార్లు కూడి చూసుకున్నారట. మావయ్య మిల్లుకు వేరే మనిషిని చూసుకున్నాడు.

నాన్న నంబర్లు రాసుకున్న ఆ నోటుబుక్కు నా దగ్గర ఉంది. మొన్నామధ్య మా అమ్మాయి దాన్ని బయటికి తీసి, మొత్తం కథ చెప్పించుకుని, నేను తన మార్కుల మెసేజీలు రోజుకు ఎన్నిసార్లు తెరిచి చూస్తానని అడిగింది. సగటున తొమ్మిది అన్నాను, లెక్కలో అబద్ధం చెప్పలేను కదా. నువ్వు నంబరు చెప్పాక తాతయ్య ఎన్నిసార్లు సరిచూశాడంది. ఆ సంఖ్య సున్నా. పోయిన మంగళవారం అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "నాన్నా, యాభై రెండు. రాసుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. వాడేసిన నంబరే, అయినా పాత నోటుబుక్కులో తర్వాతి ఖాళీ గీత మీద యాభై రెండు అని రాశాను. అంతలో జేబులో ఫోను మోగింది, స్కూలువాళ్ళ మెసేజి. నేను తియ్యలేదు. నిజం చెబుతున్నాను, పద్నాలుగు నిమిషాలు తియ్యలేదు.