వినోదకు చెప్పని మందు

సుల్తానాబాద్ వినోదకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉన్న ఆ బిడ్డను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి అద్దాల పెట్టెలో పెట్టారు. భర్త సాగర్ మస్కట్‌లో ఉన్నాడు. ఆసుపత్రి వ్యవహారమంతా మామ హనుమండ్లే చూసుకుంటున్నాడు.

పుట్టాక మూసుకోవలసిన ఒక రక్తనాళం బిడ్డకు గుండె దగ్గర తెరుచుకునే ఉంది. ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోయి ఆయాసపడుతోంది. అది మూసుకోవడానికి మందు మొదలుపెట్టారు. వినోదకు మాత్రం బలానికి సూది ఇస్తున్నారని చెప్పాడు మామ.

మర్నాడు పాలు పిండి తీసుకుపోయిన వినోద బిడ్డను చూసి నిలబడిపోయింది. కళ్లు ఉబ్బాయి, మొహం నున్నగా మెరుస్తోంది. మూత్రం రావడం లేదని, అందుకే డాక్టర్ మేడం ఆ మందు ఆపమన్నారని నర్సు చెప్పింది. ఏ మందని అడిగింది వినోద. నర్సు ఆమెవైపు వింతగా చూసింది.

వినోద వెళ్లి అడిగితే డాక్టర్ ప్రమోదిని దాచలేదు. ఆ మందుతో కొందరు పసివాళ్లకు మూత్రం తగ్గిపోతుందని, పేగుల్లో రక్తం కారే ప్రమాదమూ ఉందని, ఇదంతా ముందే మామకు చెప్పానని అంది.

హనుమండ్లు వరండాలో చాయ్ తాగుతున్నాడు.

"మామా, నీకు ఎరికేనా?"

"బాలింతవు, ఆగమైతవని చెప్పలే. సాగర్‌కు చెప్పిన."

నిన్న ఫోన్‌లో అంతసేపు మాట్లాడిన సాగర్ ఒక్క ముక్క చెప్పలేదు.

"కడుపుల మోసింది నేను. నా బిడ్డ ఒంట్లకు ఏం పోతుందో నాకు చెప్పరా?"

హనుమండ్లు తల దించుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. వెనక్కి తిరిగి డాక్టర్ దగ్గరికే పోయింది.

"మేడం, నేను గోడకు అవతలి వార్డులనే ఉన్న. పిలువకపోతిరి?"

పిలవాల్సిందని డాక్టర్ ఒప్పుకుంది. ఆ మాటతో వినోద కోపం చల్లారలేదు.

రెండు రోజులకు మూత్రం వచ్చింది, వాపు తగ్గింది. నాళం మాత్రం మూసుకోలేదు. ఇంకో మందు వాడదామన్నప్పుడు డాక్టర్ వినోదనే కూర్చోబెట్టి చెప్పింది. దీనితో ఏమవుతుంది, దేన్ని కనిపెట్టి చూస్తారని వినోద అడిగి అడిగి సరేనంది. మామను లోపలికి రానివ్వలేదు. ఈసారి నాళం మూసుకుంది.

బిడ్డ ఇంటికొచ్చి నెలలయింది. అంతా మంచిగైంది గదా, ఇంకా కోపమెందుకని సాగర్ ఫోన్‌లో అడుగుతాడు. వినోద ఫోన్‌ను బిడ్డ ముందు పెట్టి వంటింట్లోకి పోతుంది.