కళాయి గీకేసిన రాగి గిన్నె

2022 వేసవి. నరసరావుపేటలో నా దుకాణం. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం మా పని. గిన్నెను బాగా కాల్చి, నవాసారం అనే ఉప్పు పొడి చల్లి, తగరం కరిగించి, లోపలంతా దూదితో రుద్దితే తెల్లటి పూత పడుతుంది. అదే కళాయి. అది ఉన్నంతకాలం పులుపు రాగిని తాకదు. తాకిందంటే పచ్చటి చిలుము పుడుతుంది, అది కడుపులోకి పోతే వాంతులే. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను గాని, ఈ సంగతి నాకు పదేళ్లప్పుడే తెలుసు. తెలిసే తప్పు చేశాను.

నకరికల్లు నుంచి కోటేశ్వరమ్మ వచ్చింది. పాతికేళ్లుగా మా దగ్గరే కళాయి పూయించుకునే మనిషి. రొమ్ము క్యాన్సర్. గుంటూరులో కీమో, అంటే నరంలోకి ఎక్కించే మందు, అప్పటికి మూడుసార్లు అయింది. జుట్టు ఊడిన తలకు కొంగు కప్పుకుని, సంచిలోంచి గిన్నె తీసింది.

"బాబాయ్, దీని కళాయి గీకెయ్."

"ఏందమ్మా? కొత్తగా పూయమనా?"

"గీకమంటన్నా. చెవుడొచ్చిందా నీకు? రాగి ఒంట్లోకి దిగితే గడ్డ కరుగుద్దంట. ఫోన్లో చూపిచ్చారు. రాత్రి మజ్జిగ పోసి పొద్దున్నే తాగాలంట."

"మజ్జిగా? కక్కుకుంటావే తల్లీ."

"ఇప్పుడు మాత్రం కక్కట్లేదా? నాకు బతకాలనుంది బాబాయ్. గీకు."

గిన్నె అందుకున్నాను. గీకి, చింతపండుతో తోమి, ఎర్రగా మెరిసేట్టు చేసి ఇచ్చాను. కాదంటే ఆమె ఆశ తుంచినట్టవుతుందనుకున్నాను. అది దయ కాదు, పిరికితనం.

నెల దాటాక ఆమె భర్త వెంకట్రావు ఒక్కడే వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"కీమో ఆపేశారు మామయ్యా. లివర్ దెబ్బతింటందంట. ఆ మందు ఇంక పడదేమో అంటన్నారు."

"మజ్జిగ సంగతి డాక్టరుకు చెప్పారా?"

"చెబితే తిడతారని వద్దంది. నాతో ఒట్టేయించుకుంది."

"ఒట్టేసింది నువ్వు. నేను కాదు. ఈసారి పోయేప్పుడు గిన్నె కూడా పట్టుకురా, నేనూ వస్తా."

గుంటూరులో డాక్టరమ్మ బల్ల మీద గిన్నె పెట్టాను. అడుగున చిలుము కనిపిస్తూనే ఉంది. "రోజూ ఇందులో మజ్జిగ తాగుతోందమ్మా. కళాయి గీకింది నేనే" అన్నాను. కోటేశ్వరమ్మ నన్ను కాల్చేసేలా చూసింది.

డాక్టరమ్మ అరవలేదు. "రాగి కొంచెం అందరికీ కావాలి పెద్దాయనా, అది తిండిలోనే వస్తుంది" అని మొదలుపెట్టింది. "కణం పెరగాలంటే దాని లోపల 'పెరుగు' అన్న కబురు ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందాలి. దాన్ని సిగ్నలింగ్ అంటాం. ఆ కబురు మోసే ప్రోటీన్లలో ఒకదానికి రాగి అతుక్కుంటే కబురు ఇంకా గట్టిగా పోతుంది. కొన్ని రకాల క్యాన్సర్ కణాలు రాగిని అట్లా వాడుకుంటాయి. గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టడానికీ అది సాయపడుతుంది. ఒంట్లో రాగిని తగ్గించి చూద్దామని పరిశోధనలు చేస్తున్నారు. మీరేమో తెచ్చి పోస్తున్నారు."

"అయితే నా గడ్డని నేనే పెంచుకున్నానా?" అంది కోటేశ్వరమ్మ.

"అది నేను చెప్పలేనమ్మా. లివర్ మాత్రం దీనివల్లే పాడైందని నా అనుమానం. ఈ రోజే ఆపండి. రక్తంలో రాగి ఎంతుందో చూద్దాం."

బయటికొచ్చాక కోటేశ్వరమ్మ నా మీద విరుచుకుపడింది. "నోరు మూసుకుని ఉంటే నీదేం పోయింది?"

"నువ్వు పోతే మా కొట్టుకి ఎవరొస్తారే?"

నవ్వింది. నవ్వుతూనే గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

పరీక్షలో రాగి ఎక్కువే ఉందని తేలింది. మజ్జిగ మానేశాక లివర్ కుదుటపడింది, కీమో మళ్లీ మొదలైంది. ఆపరేషనూ అయింది. రెండేళ్లు బతికింది. తర్వాత జబ్బు తిరగబెట్టి పోయింది. మధ్యలో కీమో ఆగిపోవడం వల్లా, రాగి వల్లా, లేక అది అట్లాంటి జబ్బేనా అని డాక్టరమ్మను అడిగాను. తెలియదంది. నన్ను ఓదార్చడానికైనా అబద్ధం చెప్పలేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది అదే. ఎదుటి మనిషి ఏడుస్తున్నా సరే, మన పనిలో మనకు తెలిసిన నిజం మింగకూడదు.

ఇప్పుడెవరైనా కళాయి గీకమంటే ఎందుకని అడుగుతాను. జబ్బుకని చెబితే గీకను. తిట్టుకుంటూ వెళ్తారు. వెళ్లనీ.